వంకర లేబుళ్ల సీసాలు

మధ్యాహ్నం రెండూ పదికి డిటెక్టివ్ ఆ క్రీముల ఫ్యాక్టరీ గేటు దాటింది. సరిగ్గా నాలుగు గంటలకి ఇన్‌స్పెక్టర్ ఆమె క్లయింటుని అరెస్టు చేయబోతున్నాడు. చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు.

అంతకన్నా గడ్డు లెక్క ఇంకొకటుంది. పొద్దున్న ఆసుపత్రిలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "కిడ్నీలు రెండూ మూలపడ్డాయమ్మా. ఒంట్లోకి ఏదో విషం పోయింది. అదేమిటో తెలిస్తే విరుగుడు నా బీరువాలోనే ఉండొచ్చు. తెలీకుండా ఏదో ఒకటి ఎక్కిస్తే ఆ మందే చంపుతుంది. రక్తం పెద్ద ల్యాబుకి పంపాను. రిపోర్టుకి మూడు రోజులు పడుతుంది. ఈ పిల్లకి మూడు రోజులు లేవు."

ఆ పిల్లని ఇంట్లోనూ పనిలోనూ అందరూ బుల్లి అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లు. ఈ ఫ్యాక్టరీలోనే సీసాలకి లేబుళ్లు అంటిస్తుంది. అన్నావదినల దగ్గర ఉంటుంది. రోజూ క్యారియర్ కట్టిచ్చేది వదిన కాబట్టి ఇన్‌స్పెక్టర్ వేలు నేరుగా వదిన మీదికే పోయింది. పైగా పోయినవారం ఆవిడ "ఆ మొహం కడుక్కుంటావా, చంపెయ్యమంటావా?" అని అరిచిందని పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పారు.

ఆ వదినే డిటెక్టివ్ క్లయింటు.

"అరిచానమ్మా, కాదనను," అని ఆసుపత్రి వరండాలో బెంచీ అంచు పట్టుకుని చెప్పింది. "అద్దం ముందు నించుందంటే అరగంట. రాసుకోడం, చూసుకోడం, మళ్లీ రాసుకోడం. డ్యూటీకి ఆలస్యమవుతోందని అరిచాను. నా చేతి ముద్దలు తిని పెరిగిన పిల్లమ్మా అది. దానికి నేను విషం పెడతానా?"

మెట్లెక్కుతుండగా డిటెక్టివ్ ఫోను కూసింది. ఆయన. పెళ్లై మూడువారాలైంది, ఆ పేరు తెరమీద కనబడితే ఇంకా గుండె ఒక మెట్టు ఎగిరి దిగుతుంది. ఉంగరం ఫొటో పంపాడు. కింద ఒక సందేశం. "మీ నాన్న అల్లుడికి ఇత్తడి పెట్టాడోయ్! మెరుపు పోయి తెల్లబడుతోంది. మూడింటికి బడి వదలగానే కంసాలి దగ్గర తేల్చుకుంటాను. ముందే చెప్తున్నా, సాయంత్రం అత్తారింటి మీద దావా."

నవ్వొచ్చింది. నవ్వుకి అది చోటు కాదు. ఫోను సంచిలో వేసి తలుపు తోసింది.

లోపల ఇన్‌స్పెక్టర్ అప్పటికే కాళ్లు బారజాపుకుని టీ తాగుతున్నాడు.

"రండి డిటెక్టివమ్మా! పెళ్లికళ ఇంకా తగ్గలేదే, మొహం బల్బులా వెలిగిపోతోంది. ఇంట్లో కూర్చుని కొత్త కాపురం చూసుకోక ఎందుకొచ్చిన తిప్పలండీ ఇవి?"

"మీరు తప్పుడు మనిషిని జీపెక్కించకుండా ఉంటే నేనూ ఇంట్లోనే కూర్చుందును."

"తప్పుడు మనిషా?" బల్లమీద ఒక కాగితం తోశాడు. "మీరు మొన్నట్నించీ క్రీము, క్రీము అని నా చెవి కొరికేస్తున్నారు కదా. బజార్లో దుకాణానికెళ్లి, సీలు విప్పని సీసా స్వయంగా కొని పరీక్షకి పంపాను. శుభ్రం. విషం సంగతలా ఉంచండి, వేడిచేసే దినుసు కూడా లేదట. ఇక మిగిలింది క్యారియర్. నాలుగింటికి మీ క్లయింటు వదినగారు నా జీపులో ఉంటుంది."

బల్లకి అవతల ఫ్యాక్టరీ యజమానురాలు కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. తెల్లటి నూలుబట్టలు, నెరిసిన జుట్టు, కుడిచేతి వేలికి వెడల్పాటి బంగారపు ఉంగరం. అందరూ అమ్మగారూ అంటారు. గొంతు పెంచడం తెలియనట్టే మాట్లాడుతుంది.

"బుల్లి నా కూతురులాంటిది. ఏం కావాలో అడుగమ్మా."

డిటెక్టివ్ బల్లమీది సీసా తీసి లేబులు చదవడం మొదలెట్టింది.

"నూరుశాతం నేచురల్. ఈ మాట ఎవరిచ్చారు మీకు?"

"ఎవరిస్తారు? మేమే వేసుకున్నాం."

"అంటే మీకు మీరే ఇచ్చుకున్న బిరుదు. సరే, పక్కన ఆర్గానిక్ అని ఉంది. పంట పొలం దగ్గర్నించీ బయటివాళ్లెవరో చూసి సర్టిఫికెట్ ఇస్తేనే ఆ మాటకి విలువ. ఇచ్చినవాళ్ల పేరూ, నంబరూ సీసామీద ఉంటాయి. ఇక్కడ ఆకు బొమ్మ ఉంది, నంబరు లేదు."

"ఆకు మా అల్లుడు గీశాడు," అంది అమ్మగారు మెల్లగా. "బొమ్మలు బాగా వేస్తాడు."

ఇన్‌స్పెక్టర్ టీ గొంతులో పడి దగ్గాడు.

"సీసా ముందువైపు అంతా కలబంద మట్టలే. వెనక చీమతలకాయంత అక్షరాల్లో దినుసులు. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర రాయాలి కదా? మొదటిది నీళ్లు. కలబంద చివర్నించి రెండోది. అంటే ఆ మట్టలు లేబులు మీద ఉన్నన్ని సీసాలో లేవు."

"అందరూ అలాగే వేస్తారమ్మా."

"వేస్తారు. కింద ఇంకో మాట. నిల్వమందులు కలపలేదు. సగానికి పైగా నీళ్లున్న క్రీము, నిల్వమందు లేకుండా ఎన్నాళ్లుంటుంది?"

"ఏడాది," అంది అమ్మగారు. వెంటనే సర్దుకుంది. "ఆరు నెలలు... ఫ్రిజ్‌లో పెడితే మూడు."

"ఏదో ఒకటి చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ కప్పు టక్కున పెట్టాడు. "ఇదిగో డిటెక్టివమ్మా, ఇదంతా కొనేవాళ్లని బురిడీ కొట్టించడం. దానికి వేరే ఆఫీసుంది. అక్కడ ఫిర్యాదు చేసుకోండి. కలబంద తక్కువైతే కిడ్నీలు పోవు."

ఆ మాట నిజమే. అందుకే ఆమెకి ఒళ్లు మండింది. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"బుల్లి పనిచేసే గది చూడాలి. ఒక్కదాన్నే."

"చూసుకోండి. మూడూ ముప్పావుకి నేను బయల్దేరతాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

*

లేబుళ్ల గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. ఒకే కిటికీ, దానికి చూరుకింద నీడ. బల్లకి రెండువైపులా పదిమంది ఆడవాళ్లు తలలు వంచుకుని సీసాలు తిప్పుతున్నారు. పదకొండో స్టూలు ఖాళీ. దానిమీద మడత పెట్టిన ఏప్రాన్.

ఆ గదికి పెద్ద, అందరూ పెద్దక్క అనే యాభయ్యేళ్లావిడ. కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుంది. డిటెక్టివ్ అడగ్గానే పని ఎలా జరుగుతుందో చేసి చూపించింది. చెక్క అచ్చులో సీసా పెట్టాలి, లేబులు అంటించాలి, అచ్చుమీది గీతతో సరిచూడాలి. గీతకి అంచు కలిస్తే సీసా అడుగున బ్యాచి నంబరు ముద్ర పడుతుంది, అట్టపెట్టెలోకి కాగితంతో సహా పోతుంది. వెంట్రుకవాసి ఒరిగినా నంబరు పడదు. సీసా బల్లకింది బుట్టలోకి పోతుంది.

"దాన్ని వంకరబుట్ట అంటాం. దుకాణాలకి పనికిరావు కదా. నెలాఖరు శనివారం అమ్మగారు వాటిని మాకు పంచేస్తారు. ఈ జీతంతో అంత మంచి క్రీము మేమెక్కడ కొంటాం? అందరం వంకర సీసాల అందగత్తెలమే."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"బుల్లి కూడా తీసుకునేదా?"

పెద్దక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "బుల్లి చెయ్యి మా అందరికన్నా నికరమమ్మా. కళ్లు మూసుకుని అంటించినా గీతకి ఒదుగుతుంది. అలాంటిది మూడునెలల్నించీ నెలాఖరు వారం వచ్చిందంటే దాని చేతిలో అన్నీ వంకరలే. 'ఏమే, చెయ్యి వణుకుతోందా?' అంటే, 'అవునక్కా, ముసలిదాన్నైపోతున్నా' అనేది, దొంగమొహంది. నాకు తెలుసు. కావాలని వంకర అంటించేది. చిన్నపిల్ల, మోజు, పోనీలే అనుకున్నా. నేను కసిరి ఉంటే బాగుండేది."

"అన్ని సీసాలూ ఒకటేగా. నాలుగైదు చాలవా?"

"ఒకటి కావటమ్మా. రెండోగదినించి వచ్చే ట్రేలనే వంకర పోనిచ్చేది. ఆ క్రీము వారానికే తెల్లబరుస్తుందని కనిపెట్టింది. మొదటిగది క్రీము ఏళ్లు రాసినా ఏం కాదుగా."

డిటెక్టివ్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "రెండు గదులా? లేబులు ఒక్కటేగా?"

"లేబులు అదే. మొదటిగదిది ఊళ్లో దుకాణాలకి. రెండోగదిది దూరం పార్లర్లకి, లారీలో పోతుంది. రెండోగది తాళం అమ్మగారి దగ్గరే. కలిపేది కూడా ఆవిడే."

ఊళ్లో దుకాణాలకి మంచిది. పరీక్షకి ఎవరు కొన్నా ఊళ్లోనే కొంటారు. ఇన్‌స్పెక్టర్ కొన్నదీ అదే.

ఊహ దొరికింది, రుజువు దొరకలేదు. టైము మూడూ పది. గది నాలుగు మూలలా కళ్లు తిప్పింది. కిటికీ గట్టుమీద మూత తీసిన సీసాలు రెండు కనబడ్డాయి.

"అవి మా చేతులకి. జిగురుకి వేళ్లు పగుల్తాయి, మధ్యాహ్నం రాసుకుంటాం. ఇప్పుడు చలికాలం కాదుగా, ఎవరూ ముట్టడం లేదు."

డిటెక్టివ్ రెంటినీ తిప్పి చూసింది. అడుగున పెద్దక్క చేతిరాత, సీసా తెరిచిన తేదీ. ఎవరు ఎప్పుడు విప్పారని కొట్టుకోకుండా ఆవిడ పెట్టిన పద్ధతి. రెండూ ఒకేరోజు తెరిచినవి. మూడునెలలైంది. ఒకదానికింద 'మొదటి', రెండోదానికింద 'రెండో' అని ఉంది.

మొదటిగది సీసాలో పచ్చటి బూజు, పైన నల్లటి నూగు. వాసనకి మొహం పక్కకి తిప్పుకుంది. నీళ్లున్న క్రీము, నిల్వమందు లేనిది, మూడునెలలు గాలికి ఉంటే కావలసిందే అది. లేబులుమీద రాసిన అన్ని మాటల్లోనూ ఆ ఒక్కటీ నిజమన్నమాట.

రెండోగది సీసాలో క్రీము నిన్న నింపినట్టుంది. తెల్లగా, నున్నగా, వేలు పెట్టబుద్ధేసేంత అందంగా. అదే కిటికీ, అదే చెమ్మ, అవే మూడు నెలలు. దానిమీద బూజు కూడా బతకలేకపోయింది.

డిటెక్టివ్ ఆ సీసా తన దగ్గరే పెట్టుకుంది.

"పెద్దక్కా, పెట్టెల్లో వేసే కాగితాలేవీ?"

గూట్లోంచి రెండు దొంతరలు తీసిచ్చింది. ఒకే రంగు, ఒకే అచ్చు. ఒక్కొక్కటి తీసి పక్కపక్కన పెట్టింది. పది వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. రెండోగది కాగితంలో పదకొండో వాక్యం ఉంది.

'రాసుకునే ముందు బంగారు, వెండి ఆభరణములు తీసివేయవలెను.'

బుర్రలో ఎక్కడో ఏదో చురుక్కుమంది. ఏమిటో అందలేదు. అందుకునే తీరికా లేదు.

"ఈ కాగితం బుల్లి చదివిందా?"

"కాగితం పెట్టెలో వేసేది వేరేవాళ్లమ్మా. వంకర సీసాలకి పెట్టే లేదు, కాగితమూ లేదు."

*

మూడూ ముప్పైతొమ్మిదికి ఆమె ఆఫీసు గదిలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంటున్నాడు.

"అయిందా బొమ్మలకొలువు? ఇక సెలవిప్పించండి."

"రెండు నిమిషాలు కూర్చోండి."

"మీ ఆయన కూర్చోమంటే కూర్చుంటాడేమోగానీ..."

"కూర్చోండి!"

ఆ గొంతుకి తనే ఉలిక్కిపడింది. ఇన్‌స్పెక్టర్ నిలబడే ఆగాడు. డిటెక్టివ్ తెల్లటి సీసాని అమ్మగారి ముందు పెట్టింది. లేబులు కాస్త ఎడమకి ఒరిగి ఉంది.

"అమ్మగారూ, ఇది మీ క్రీమే కదా?"

"మాదే."

"నూరుశాతం ప్రకృతి?"

"నూరుశాతం."

"నాదే పొరపాటేమో. ఇన్‌స్పెక్టర్ గారి టైమూ పాడుచేశాను. ఒక్కసారి మీరు ఆయన కళ్లముందు కాస్త చేతికి రాసుకోండి. నేను క్షమాపణ చెప్పి వెళ్లిపోతాను."

అమ్మగారు చిరునవ్వు నవ్వింది. "దానికేం భాగ్యమమ్మా." సీసా దగ్గరికి జరుపుకుంది. ఎడమచెయ్యి కుడిచేతిమీదికి వెళ్లింది. ఉంగరం తిప్పి లాగి, బల్లమీద అట్టముక్క మీద పెట్టింది. తర్వాత వేలు క్రీములోకి వంచింది.

"ఎందుకు తీశారు?"

వేలు గాల్లో ఆగిపోయింది.

"ఉంగరం ఎందుకు తీశారమ్మగారూ? ఎవరూ తీయమనలేదే. చేతికి క్రీము రాసుకునేటప్పుడు మా అమ్మ తీయదు, ఇన్‌స్పెక్టర్ గారి ఆవిడా తీయరు. రెండోగదిలో రోజూ కలిపే చేతికి మాత్రం అలవాటైపోయింది." రెండు కాగితాలూ ఇన్‌స్పెక్టర్ ముందు పరిచింది, పదకొండో వాక్యం మీద గోరు ఆన్చింది. "మొహాన్ని వారంలో తెల్లబరిచేది, బూజుని బతకనివ్వనిది, బంగారాన్ని తినేది ఒక్కటే నాకు తెలుసు. పాదరసం. చర్మంలోంచి ఒంట్లోకి పోయి కిడ్నీల్లో కూర్చుంటుంది. క్యారియర్‌లో ఏం లేదండీ. మీరు కొన్నది మొదటిగదిది, శుభ్రం. ఆ పిల్ల మూడునెలలుగా రెండోగది వంకర లేబుళ్ల సీసాలు తెచ్చుకుని మొహానికి రాసుకుంది."

ఇన్‌స్పెక్టర్ ఉంగరంవైపు చూశాడు. ఆ తర్వాత అమ్మగారివైపు. ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది.

డిటెక్టివ్ అప్పటికే డాక్టరుకి ఫోను కలిపింది. మూడూ నలభైఆరు. ఒక్క మాటలో చెప్పేసింది.

"పాదరసం," అన్నాడు డాక్టరు. "అందుకేనా చేతులు వణుకుతున్నాయి! మందు ఉంది. ఇప్పుడే ఎక్కిస్తాను. ఆలస్యమైంది, మాట ఇవ్వలేను. కానీ చీకట్లో రాయి విసరక్కర్లేదు. వాళ్ల వదినకి చెప్పనా?"

"చెప్పండి. మొదట ఆవిడకే చెప్పండి."

ఫోను పెట్టేసరికి అమ్మగారు ఉంగరం మళ్లీ తొడుక్కుంటోంది.

"నేను అబద్ధం ఎక్కడ రాశానమ్మా? పాదరసం మనిషి చేసిందా? భూమిలోంచి వచ్చిందే. కలబంద ఎంత ప్రకృతో అదీ అంతే. తెల్లగా కావాలని వాళ్లే అడుగుతారు, వారంలోనే కావాలంటారు. మంచిది అమ్మితే ఎవరూ రెండో సీసా కొనలేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "రెండోగది వంకర సీసాలు ఎన్ని బయటికి పోయాయి?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

గుమ్మంలో నిలబడ్డ పెద్దక్క వేళ్లమీద లెక్కపెట్టింది. "మూడునెలల్లో నలభై పైన ఉంటాయి సార్. బుల్లివి తొమ్మిది. మా ఆడవాళ్లవి ఇరవై. వాళ్లకి ఇప్పుడే చెప్పేశాను, ఏడుస్తున్నారు. మిగతావి..." ఆగింది.

"మిగతావి?"

"అమ్మగారు నెలనెలా ఒక పెట్టె మీ స్టేషన్‌కి పంపుతారు కద్సార్. అవే."

ఇన్‌స్పెక్టర్ జేబులు తడుముకున్నాడు. ఫోను చేతిలోనే ఉన్న సంగతి మూడోసారికి గానీ తెలియలేదు. నంబరు నొక్కి చెవికి ఆన్చుకున్నాడు. అవతల మోగుతోంది, ఎవరూ తీయడం లేదు.

"మా ఆవిడకి ఏడోనెల," అన్నాడు ఎటో చూస్తూ. "కడుపు మీద చారలు పడకుండా రోజూ రెండుపూటలా..."

డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేయబోయింది. అతను ఒక్కసారిగా ఆమెవైపు తిరిగాడు.

"మీ పెళ్లికి మా ఆవిడ ఇచ్చిన పింగాణీ భరిణె. ఇంట్లో చేసిన క్రీమని చెప్పింది కదూ? ఇంట్లో చేసింది కాదండీ. సీసామీద లేబులు వంకరగా ఉంది, పెళ్లి కానుకకి బాగోదని అందులోకి తీసింది. మీరు... మీరు వాడలేదు కదా?"

నీలిపూల భరిణె. అద్దం ముందు, ఆయన దువ్వెన పక్కన. మూడువారాలుగా ప్రతి సాయంత్రం. పెళ్లికళ, పెళ్లికళ అని ఊరంతా మెచ్చుకున్న మొహం.

సంచిలో ఫోను మోగింది. రెండోసారి మోగాక తీసింది. ఆయన గొంతు నవ్వుతోంది.

"ఏమోయ్, మీ నాన్నకి నేను క్షమాపణ చెప్పుకోవాలి! బంగారం మేలిమిదేనట. పాదరసం తగిలి తెల్లబడిందంటున్నాడు కంసాలి. నాకెక్కడి పాదరసమే? రోజంతా నేను ముట్టుకునేవి రెండే రెండు. బళ్లో సుద్దముక్క, ఇంట్లో నీ బుగ్గ."

డిటెక్టివ్ చెయ్యి బుగ్గ దాకా వెళ్లి, తాకకుండా ఆగిపోయింది.